తెల్లజెండా కింద కుంటినడక

ఒక పెద్ద అడవిలో, దుంగల డిపోలో పనిచేసే సింగారమ్మ అనే ఏనుగుకు ముందుకాలి ఎముక చిట్లింది. చిట్లిందని ఒప్పుకోవడానికి మాత్రం ఎవరూ సిద్ధంగా లేరు.

కారణం జెండా. పనిలో ఎవరికీ దెబ్బ తగలనంతకాలం డిపో గేటు మీద ఒక తెల్లజెండా ఎగురుతుంది. పున్నమి దాకా ఎగిరితే అందరికీ ఇప్పపువ్వు విందు. ఒక్కరు దెబ్బ పేరుతో సెలవు పెట్టినా జెండా దిగుతుంది, విందు పోతుంది. ఈ పద్ధతి సూపర్‌వైజరు నక్క కనిపెట్టాడు. అప్పటినుంచి దెబ్బలు తగ్గలేదు గాని, తగిలిందని చెప్పేవాళ్ళు తగ్గారు.

"అక్కా, నీ కాలికేం కాలేదు కదా?" అన్నాడు పక్కనే దుంగలు దొర్లించే ఎలుగుబంటి అప్పలసామి, ఆందోళనగా. ఆ ఆందోళన కాలి గురించి కాదు.

"దుంగ జారి మీద పడిందిరా. అడుగేస్తే ప్రాణం పోతోంది."

"పున్నమి రేపేనే! నా నడుం పట్టేసి ఎన్నాళ్ళయింది, నేనేమైనా అన్నానా? వడ్రంగిపిట్టకి మెడ తిరగడం లేదు, అదేమైనా అందా? ఒక్కరోజు ఓర్చుకో తల్లీ."

సింగారమ్మ ఓర్చుకోలేదు. కుంటుకుంటూ ఆస్పత్రికి వెళ్ళింది.

ఎముకల డాక్టరు కొండచిలువ. ఎముకల గురించి ఆయనకు తెలిసినంత అడవిలో ఇంకెవరికీ తెలియదు. అన్ని మింగాడు మరి.

"డాక్టరు గారూ, మీకు కాళ్ళే లేవు. కాలినొప్పి మీకేం తెలుస్తుంది?"

"అందుకేనమ్మా, పక్షపాతం లేకుండా చూడగలను." కాలి చుట్టూ చుట్టుకుని నొక్కి చూసి, డాక్టరు గొంతు తగ్గించాడు. "చిట్లింది. వెదురుబద్దలతో కట్టు కట్టించుకుని, బరువు మోపకుండా ఉంటే అతుక్కుంటుంది. బరువెత్తావా, పూర్తిగా విరుగుతుంది. ఇక ఈ జన్మలో దుంగ లాగలేవు."

"ఆ మాటే సూపర్‌వైజరుకి చెప్పండి."

"చెబితే జెండా దిగదూ? విందులో నా వాటా కూడా ఉందమ్మా. 'కాలికి బద్ధకం' అని చెబుతాను. పసరు పూసుకుని పనిలోకి వెళ్ళు."

మర్నాడు సింహం డిపో చూడటానికి వచ్చింది. అప్పలసామి వంగిపోయి, వడ్రంగిపిట్ట మెడ వాల్చి, జింకలు ఒక కాలు ఈడ్చుకుంటూ వరసగా ఎదురెళ్ళారు. చివర సింగారమ్మ మూడుకాళ్ళ మీద నిలబడింది.

"వీళ్ళంతా కుంటుతున్నారేమిటయ్యా?" అంది సింహం.

"కుంటడం కాదు మహారాజా," అన్నాడు నక్క తడుముకోకుండా. "డిపో నడక. ఇలా నడవబట్టే మా దగ్గర ఒక్క దెబ్బ కూడా లేదు. జెండా చూడండి!"

"భేషుగ్గా ఉంది. అడవంతా ఇలాగే నడవాలి. ముందు నేనే మొదలుపెడతాను."

రాజుగారు వంకరగా నాలుగడుగులు వేశారు. ఐదో అడుగు రెండు దుంగల మధ్య పడి కటుక్కుమంది. ఆ గర్జనకు చెట్ల మీది కోతులు రాలాయి.

కొండచిలువ పాక్కుంటూ వచ్చి, కాలు చూసి, జెండా చూసి, "మహారాజా... కాలికి కాస్త బద్ధకం," అన్నాడు.

"బద్ధకమా! ఎముక విరిగిందిరా! నన్ను ఆస్పత్రికి మొయ్యండి!"

అందరూ ఒకరి నడుం వంక ఒకరు చూసుకున్నారు. "సింగారమ్మా, రాజుగారిని ఎత్తుకో!" అని అరిచాడు నక్క.

"ఎత్తను. ఎత్తితే ఈ కాలు ఇక నాది కాదు."

"దెబ్బ ఎవరికీ లేదు! జెండా ఎగురుతోంది, కనబడటం లేదూ?"

సింగారమ్మ తొండం చాచి జెండా పీకింది, రెండుగా చించింది. "డాక్టరు గారూ, సగం రాజుగారికి, సగం నాకు. కట్టండి," అని గేటు దగ్గరే కూర్చుంది.

వారం తిరక్కుండా ప్రకటన వెలువడింది. పనిలో దెబ్బ తగిలిన సింహాలకు పూర్తి విశ్రాంతి. మిగిలిన జంతువుల సంగతి పరిశీలనలో ఉంది.

నక్క కొత్త జెండా కుట్టించి, ఆశగా వచ్చాడు. వెనకాలే నడుం పట్టుకుని అప్పలసామి. "అక్కా, పున్నమి మళ్ళీ వస్తోంది..."

"రానీ," అంది సింగారమ్మ. ఎముక అతుక్కునేదాకా లేవనంది. లేవలేదు.

నీతి: కాలు విరగక తప్పకపోతే, రాజుగారిది విరిగే రోజు చూసుకుని విరగాలి.