తకువాన్ దైమ్యో గారి పదవీ విరమణ

మనుషులకు కూడా దొరకని వృద్ధాప్యం మా నగిసావా ఊరి పందెపు గుర్రాలకు దొరుకుతుంది. నవ్వకండి! ఊరికే అనడం లేదు, కాగితం చూసి అంటున్నాను. మా మైదానంలో రిటైరైన ప్రతి గుర్రానికీ మర్నాటికల్లా ఇంకో ఉద్యోగం సిద్ధం. మీ మేనల్లుడికి ఉందా అలాంటి యోగం?

ఆ ఉద్యోగం పేరు స్వారీ. రికార్డుల్లోంచి గుర్రం పేరు కొట్టేసే ఫారంలో ‘ఇకపై వినియోగం’ అని ఒక గడి ఉంటుంది. అందులో స్వారీ, సంతానం, పరిశోధన, ఇతరములు అని నాలుగు మాటలు అచ్చేసి ఉంటాయి. ఒకదాని చుట్టూ సున్నా చుట్టాలి. మొన్నమొన్నటిదాకా ముప్పై ఏళ్లలో మా దగ్గర రెండువేల నూటపన్నెండు గుర్రాలు దిగిపోతే, రెండువేల నూటపన్నెండూ స్వారీకే వెళ్లాయి. నూటికి నూరు! ఏ ప్రభుత్వానికి చేతనైందండీ ఇది?

మా ఊరి జనాభా ముప్పైవేలు. అంటే పద్నాలుగు మందికో స్వారీ గుర్రం! పిల్లలు గుర్రాలెక్కి బడికి పోవాలి. పళ్ల డాక్టరు గుమ్మం ముందు గుర్రాలు బారులు తీరాలి. పోస్ట్‌మాన్ సకిలింపుతో రావాలి. మరి ఏవీ? ఉన్న ఒక్క స్వారీ క్లబ్బులో నాలుగే గుర్రాలు, అందులో ఒకటి గుడ్డిది. మిగతావెక్కడ? అదే కదా వాటి సంస్కారం! ఎవరి కంటా పడకుండా, గుట్టుగా బతుకుతున్నాయి.

ఏటా శరదృతువులో మా ఆఫీసు పెద్దలు నల్లకోట్లు వేసుకుని, మైదానం వెనకున్న గుర్రపుతల దేవత రాతి ముందు క్యారెట్లు పెట్టి, చనిపోయినవాళ్ల పేర వెలిగించే ధూపం వెలిగించి, వెళ్లిపోయిన గుర్రాలకు దణ్ణం పెడతారు. హాయిగా ఉద్యోగం చేసుకుంటున్నవాళ్లకు ధూపమెందుకని ఒక తుంటరి అడిగాడట. మర్యాద తెలియని మనిషి!

నా పేరు ఒకిత్సు. పందెంరోజు పంచే కరపత్రంలో ‘వీడ్కోలు’ శీర్షిక పందొమ్మిదేళ్లుగా రాస్తున్నవాణ్ని నేనే. ఆఫీసుకెళ్లి ఫారంలో సున్నా ఎక్కడుందో చూస్తాను. ఇంటికొచ్చి పచ్చిక, చల్లగాలి, చిన్నపిల్లల నవ్వులు కలిపి ఆరు వాక్యాలు రాస్తాను. ఆ సాయంత్రం స్టేషన్ వెనక హోటల్లో కూర్చుని, పచ్చి గుర్రపు మాంసం ముక్కలు అల్లం నంజుకుని తింటాను. ఎక్కడిదని అడగను. తినేచోట అలాంటివి అడగకూడదు.

ఇక అసలు సంగతికొస్తాను. మొన్న రిటైరైనవారు తకువాన్ దైమ్యో గారు. తకువాన్ అంటే మేం రోజూ అన్నంలో నంజుకునే ముల్లంగి ఊరగాయ. యజమాని కుజిరాయ్ గారిది ఆ వ్యాపారమే. కనక ఆయన గుర్రాలన్నిటికీ ఇంటిపేరు తకువానే. దైమ్యో అంటే పాతకాలపు జమీందారు. మొత్తం మీద మనవారు ఊరగాయ జమీందారు గారన్నమాట.

జమీందారు గారిని మొదట పెద్ద ఊళ్లో పచ్చిక మీద పరిగెత్తించారు. మూడుసార్లూ ఆఖరు. తర్వాత మా ఊరి ఇసుక ట్రాక్ మీదికి దించారు. ఇసుక ట్రాక్ మీద ముందున్నవాడి మొహం శుభ్రంగా ఉంటుంది, వెనకున్నవాడి నోటి నిండా ఇసుకే. మనవారు మన్ను తిన్న పాములా కదిలేవారు, అదీ నిజంగా మన్ను తినే! తొంభై ఏడు పందేల్లో రెండు గెలిచారు. ఒకటి, ముందున్న ఇద్దరూ ఒకర్నొకరు గుద్దుకున్నప్పుడు. రెండోది, ఎవరి గొడుగో చూసి బెదిరి పరిగెత్తినప్పుడు.

పందెం కాగానే ఆయన మొహం కడిగేది షిగెయో. యాభై ఎనిమిదేళ్ల మనిషి, ముప్పై ఐదేళ్లుగా గుర్రాలశాలలో పని. గోరువెచ్చని నీళ్ల బకెట్‌తో కంచె దగ్గర నిలబడి, కళ్లలో ఇసుక, ముక్కులో ఇసుక మెత్తటి గుడ్డతో తీసేది. అలా పద్నాలుగు గుర్రాల మొహాలు కడిగి స్వారీ ఉద్యోగానికి పంపింది పాపం.

ఈ ఏడు కొత్త నిబంధన వచ్చింది. వరసగా పది పందేల్లో ఒక్కసారైనా మొదటి ఐదుగురిలో లేని ముసలి గుర్రానికి ఇక చోటు లేదు. తొంభై ఎనిమిదో పందెం దైమ్యో గారికి ఆ పదోది. మంగళవారం నాడు వింత! ఆఖరి మలుపులో ఆయన ఐదో స్థానంలో ఉన్నారు. ముగింపు గీత ఇంకా పది అంగలుందనగా కంచె దగ్గర బకెట్ కనిపించింది. ఇంకేం, పని అయిపోయిందనుకుని, మొహం కడిగించుకోవడానికి నెమ్మదించారు. ముక్కు తేడాతో ఆరో స్థానం!

"పాడు బకెట్ తెచ్చి నేనే చెడగొట్టాను," అని షిగెయో ఆ రోజంతా నోట్లో మెతుకు పెట్టలేదట. కుజిరాయ్ గారు సాయంత్రానికే ఫారం నింపేశారు. గురువారం పొద్దున లారీ వస్తుందన్నారు.

బుధవారం నేను ఆఫీసు కౌంటర్ దగ్గర సున్నా చూసుకుంటుంటే షిగెయో వచ్చింది. చేతిలో పాత బిస్కట్ల డబ్బా. కౌంటర్ వెనక గుమాస్తా నుకుమిజు గారు ఉన్నారు.

"బాబూ, మా దైమ్యోని ఏ క్లబ్బుకి పంపుతున్నారో కాస్త చెబుతారా? ఆదివారాలు క్యారెట్లు పట్టుకెళ్లి చూసొద్దామని."

ముప్పై ఏళ్లలో ఎవరూ అడగని ప్రశ్న! నుకుమిజు గారు ఫారం తీసి, అటు తిప్పి ఇటు తిప్పి చూశారు.

"స్వారీ అని ఉందమ్మా."

"అది నేనూ చదివాను. ఎక్కడ?"

"ఎక్కడ అనే గడి లేదమ్మా ఇందులో."

అప్పుడే కుజిరాయ్ గారు ఏదో ముద్ర వేయడానికి వచ్చారు. గుమాస్తాకి ప్రాణం లేచొచ్చింది. "ఇదిగో, వీరినే అడగండి! సున్నా చుట్టింది వీరే."

"చుట్టాను. అక్కడ అలాగే ఉందిగా!" అని కుజిరాయ్ గారు కౌంటర్ మీద అద్దం కింద ఉన్న కాగితం చూపించారు. ఫారం ఎలా నింపాలో చూపించే నమూనా అది. గుర్రం పేరు నమూనా గుర్రం, యజమాని పేరు నమూనా తారో, స్వారీ చుట్టూ చక్కగా ఎర్రసున్నా. "అందరం దాన్ని చూసే రాస్తాం షిగెయో. నేనొక్కణ్ణేనా?"

నుకుమిజు గారు నమూనా మీద వేలు పెట్టారు. "నమూనా అన్నాక ఏదో ఒకదానికి చుట్టి చూపించాలి కదమ్మా. మొదటి మాట అది. నాకు ముందున్నాయన ఎవరో చుట్టారు."

"మరి రేపొచ్చే లారీ ఎక్కడికి పోతుంది?"

గుమాస్తా కళ్లద్దాలు తుడుచుకున్నారు. యజమాని టోపీ చూసుకున్నారు. నేను పైకప్పు చూశాను. అందులో చూడ్డానికేమీ లేదు.

షిగెయో డబ్బా తెరిచింది. నిండా నా వీడ్కోలు ముక్కలే, కత్తిరించి వరసగా పేర్చి ఉన్నాయి. "ఒకిత్సు గారూ, మా ముందటి గుర్రం తకువాన్ హిమే మీద చెవిటి పిల్లలు స్వారీ చేస్తున్నారని రాశారు కదా. చదివి ఎంత ఏడ్చానో, సంతోషంతో. అదన్నా నిజమేనా?"

"అది... బాగుంటుందని రాశానమ్మా."

"బాగుంది. చాలా బాగా రాశారు," అంది. డబ్బా మూసేసింది. పందొమ్మిదేళ్లలో నా రచనకు వచ్చిన మొదటి సమీక్ష అది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆమె యజమాని వైపు తిరిగింది. "అయ్యా, వాణ్ని నాకిచ్చేయండి."

"లారీవాడికి మాటిచ్చానే!"

"వాడికి మాటిచ్చారు. వీళ్లకి కాగితమిచ్చారు. కాగితంలో స్వారీ అని ఉంది. లారీవాడు స్వారీ చేస్తాడా?"

"అది కాదు షిగెయో, ఎక్కడ పెడతావు? ఏం పెడతావు? గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువుండదు."

"మా అన్న పాత ట్రాక్టరు కొట్టం ఖాళీగానే ఉంది. మీరు రోజూ బండెడు ముల్లంగి ఆకు పారబోస్తారుగా, కొంత మా గుమ్మంలో పారబొయ్యండి. మిగతా గడ్డి నేను కోసుకుంటాను."

కుజిరాయ్ గారు చాలాసేపు టోపీ తిప్పారు. "పట్టుకుపో తల్లీ," అన్నారు చివరికి, "మా ఆవిడ అడిగితే మాత్రం స్వారీకే పంపానని చెప్పు."

గురువారం లారీ ఖాళీగా వెళ్లింది. గేటు దగ్గర నుకుమిజు గారు ఉత్సాహంగా ఉన్నారు. ముప్పై ఏళ్ల రికార్డుకి మొదటిసారి సాక్ష్యం దొరుకుతోంది మరి!

"ఎక్కండమ్మా, ఎక్కండి!"

"నాకు స్వారీ రాదు బాబూ. కడగడమే వచ్చు."

ఆమె తాడు పట్టుకుని నడిచింది. పదకొండు కిలోమీటర్లు! వెనకాల పార, గోనెసంచీ పట్టుకుని నేను. ఎందుకంటారా? రోడ్డు మీద జమీందారు గారు వేసినదంతా ఎత్తాలి కదా! పందొమ్మిదేళ్లు కాగితం మీద నేను వేసినదాని ముందు అదెంత? ఆ రోజు నన్ను వెనక వేసి ఆయన తన కెరీర్‌లో మూడో గెలుపు గెలిచారు. మొహం మీద ఇసుకరేణువు లేదు.

ఇంతటితో అయిపోయిందనుకుంటున్నారా? మా ఆఫీసు నిజాయితీ మీకు తెలియదు! మర్నాడే నుకుమిజు గారు నన్ను పిలిపించారు. "చూడండి ఒకిత్సు గారూ, దాని మీద ఎవరూ ఎక్కలేదు. నా కళ్లతో చూశాను. రికార్డుల్లో అబద్ధం ఉండకూడదు కదా!" అని, దైమ్యో గారి ఫారంలో స్వారీని రెండు గీతలతో కొట్టేసి, ముద్ర వేసి, ఇతరములు చుట్టూ సున్నా చుట్టారు.

అలా మా నూటికి నూరు పోయింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి! ముప్పై ఏళ్లలో మా దగ్గర స్వారీకి పోని గుర్రం అదొక్కటే. ఆదివారం రండి, కొట్టంలో ముల్లంగి ఆకు నములుతూ ఉంటుంది, చూపిస్తాను. మిగతా రెండువేల నూటపన్నెండింటి అడ్రసులు కావాలంటే కౌంటర్ దగ్గర అడగండి. గడి లేదంటారు. అయినా అడగండి.