గ్రహాల గెంతులాట, రెండో భాగం

ఒక పెద్ద అడవిలో, ఒక లోతైన వాగు మీద, తొమ్మిది చెక్కలు తీగలకి వేలాడుతుండేవి. అవి మామూలు చెక్కలు కావు, నవగ్రహాలు. ఈ గట్టున సూర్యుడితో మొదలుపెట్టి, ఒక్కో గ్రహం మీదకీ గెంతుకుంటూ, కేతువుని దాటి ఆ గట్టు చేరితే గెలిచినట్టు. కాలు జారితే కింద బురద. ఒక్కొక్కరికీ మూడు ప్రాణాలు. మూడోసారి కూడా పడితే ఇంటికెళ్లి స్నానం చెయ్యాల్సిందే.

దీన్ని కట్టింది బుల్లెమ్మ అనే ఉడత. అడవి అంచున అతిథిగృహంలో దిగిన ఒక ఆఫీసరుగారు, ఎదురుగా ఫైళ్లు పెట్టుకుని ఫోన్లో ఆట ఆడుతుంటే, కిటికీ లోంచి చూసింది. బుడగ లాంటి టోపీ పెట్టుకున్న బుల్లి మనిషొకడు ఆకాశంలో గ్రహం నుంచి గ్రహానికి దూకుతున్నాడు. బుల్లెమ్మ మూడు రోజులు చూసింది. ఫైళ్లు కదల్లేదు గానీ ఆఫీసరుగారు మాత్రం శుక్రుడి దాకా వెళ్లారు. జంతువుల దగ్గర ఫోన్లెక్కడివి? అందుకని బుల్లెమ్మ ఆ ఆటని నిజంగానే కట్టేసింది.

ఆట అడవిని ఊపేసింది. శని మీదకి గెంతేటప్పుడు అందరూ గాల్లోనే దణ్ణం పెట్టుకునేవారు. సగం మంది ఆ దణ్ణం వల్లే పడిపోయేవారు. తొమ్మిదీ మొదట దాటినవాడు కొండముచ్చు వీరబాబు. ఆ రోజు నుంచి వాడికి అభిమాన సంఘాలు, దండలు, అరటిగెలలు. ఆరు నెలల్లో వాడి పొట్ట గుండ్రంగా తయారైంది.

చుంచెలుకలు మాత్రం చంద్రుణ్ణి కూడా దాటలేకపోయాయి. గట్టు మీద కూర్చుని పెద్దవాళ్ల ఆట చూసి చప్పట్లు కొట్టేవి. వాటిని చూస్తే బుల్లెమ్మకి మనసు చివుక్కుమనేది. అందుకే ఎవరూ అడక్కుండానే రెండో భాగం మొదలుపెట్టింది. ఈసారి గ్రహాలు కాదు, ఇరవై ఏడు నక్షత్రాలు. చెక్కలు ఊగుతుంటాయి. బలంతో పనిలేదు. ఓపిక పట్టి, చెక్క మన దగ్గరికి ఊగి వచ్చినప్పుడు అడుగు వేస్తే చాలు. పళ్లు అరిగేలా కొరికి, ఏడాదిన్నర కష్టపడి ఇరవై ఏడు చెక్కలూ సిద్ధం చేసింది. ఇక మృగశిర కార్తె లోపల వాటిని కట్టెయ్యాలి. వాగుకి నీళ్లొస్తే మళ్లీ దసరా దాకా అటు పోవడానికి ఉండదు.

ఈ సంగతి అటవీ వినోద మండలికి తెలిసింది. మండలికి అధ్యక్షుడు మృగరాజు, కార్యదర్శి నక్క జంబులయ్య. మండలి అప్పటిదాకా ఏ వినోదం కల్పించిందో ఎవరికీ తెలియదు గానీ, మండలి ఉండేది.

"ఏమ్మా బుల్లెమ్మా, రెండో భాగం చేస్తున్నావటగా! మండలికి ఒక్క మాటైనా చెప్పొద్దూ?" అన్నాడు జంబులయ్య.

"చేసేశాక చెబుదామని బాబుగారూ."

"చేసేశాక చెప్పడానికి ఏముంటుందమ్మా? చెయ్యకముందే చెప్పాలి. ముందు పేరు ప్రకటించే సభ పెడదాం."

"పేరేముందండీ, రెండో భాగం."

"అదే సభలో ప్రకటిస్తాం."

సభకి వేదిక కావాలి. వేదికకి చెక్కలు కావాలి. అడవి మొత్తం మీద నున్నగా చెక్కి సిద్ధంగా ఉన్న చెక్కలు ఒకచోటే ఉన్నాయి. "నాలుగంటే నాలుగేనమ్మా, సభ అవగానే తెచ్చిచ్చేస్తాం" అని అశ్విని, భరణి, కృత్తిక, రోహిణి పట్టుకుపోయాడు.

సభ అయింది. చెక్కలు రాలేదు. వారం తిరక్కుండా ఫస్ట్ లుక్ ఉంది కదా, వేదిక విప్పడం దేనికన్నారు. పైగా మొన్నటి వేదిక పొట్టిగా ఉందని మృగరాజు చిన్నబుచ్చుకున్నారట, ఇంకో ఐదు చెక్కలు కావాలన్నారు. ఫస్ట్ లుక్‌లో వీరబాబు చెయ్యెత్తి నిలబడ్డాడు. ఆ తర్వాత టీజర్. తెర తీశారు, వెనకాల ఇంకో తెర ఉంది. జనం ఈలలు వేశారు. ఆ తర్వాత ట్రైలర్. వీరబాబు చెయ్యి దించాడు. వాడి బొమ్మ నిలబెట్టి పాలాభిషేకం చేస్తే, అడవిగేదెలు మొహమాటానికి పాలిచ్చి, దూడల్ని పస్తు పెట్టాయి.

ప్రతి సభకీ వేదిక ఎత్తు పెరిగింది. బుల్లెమ్మ దగ్గర చెక్కలు తరిగాయి. చివరికి మూడు మిగిలాయి. జంబులయ్య వాటి కోసం కూడా వచ్చాడు.

"ఎల్లుండి సక్సెస్ మీట్ పెడుతున్నామమ్మా."

"ఆట ఇంకా మొదలే కాలేదు కదండీ!"

"మొదలయ్యాక గెలుస్తుందో లేదో ఎవరు చూడొచ్చారు? ఇప్పుడైతే గెలుపు ఖాయం. అన్నట్టు, వేదిక నువ్వే కట్టాలి. నీ పనితనం ఇంకెవరికుందమ్మా?"

బుల్లెమ్మ ఆ పూట తిండి మానేసి ఏడ్చింది. తర్వాత వెళ్లి కట్టింది. ఆరు వెదుళ్లు పాతి, కింద అశ్వినితో మొదలుపెట్టి కొసకి రేవతి దాకా కట్టుకుంటూ పోయింది. దానికి చెక్కలు కట్టడం ఒక్కలాగే వచ్చు. ఒకటి ఇటు, ఒకటి అటు, నడుమ ఒక గెంతు దూరం. అదీ ఊగేలాగే కట్టింది. అలవాటు మరి.

సక్సెస్ మీట్ రోజు ఏనుగు తన తొండంతో మృగరాజునీ, జంబులయ్యనీ, వీరబాబునీ ఒక్కొక్కరినే రేవతి మీదకి ఎత్తింది. దండలు పడ్డాయి. "ఈ ఘనవిజయానికి కారణం ఎవరు?" అని మృగరాజు మొదలుపెట్టి, రెండు గంటలకి తన దగ్గరికే వచ్చి ఆగాడు. ఈలోగా భోజనాలు వడ్డించారు. పనసతొనల వాసనకి ఏనుగు అటు నడిచింది, కడుపారా తిని చెట్ల వెనక పడుకుంది.

అప్పుడు గాలివాన మొదలైంది. రోహిణి కార్తె చివర వచ్చే తుంటరి వాన. జనం చెట్ల కిందకి పరుగెత్తారు. పైన వేదిక ఉయ్యాలలా ఊగింది. దూరంగా పిడుగు పడింది.

"ఏనుగుని పిలవండి!" అని మృగరాజు గర్జించాడు.

"నిద్రపోతున్నారు ప్రభూ! లేపే ధైర్యం ఎవరికుంది?" అని కింద నుంచి ఎవరో అన్నారు.

"బుల్లెమ్మా, కట్టింది నువ్వేగా! ఎలా దిగాలే?"

బుల్లెమ్మకి జీవితంలో మొదటిసారి కోపం వచ్చింది. కోపం వచ్చినా గొంతు పెంచలేదు. "రెండో భాగం ఎలా ఆడాలో అలాగే ప్రభూ. ఒక్కో గెంతూ నేను చెబుతాను. కానీ తమరు వదిలిన ప్రతి చెక్కా నాది. ఇక ఏ సభకీ అడక్కూడదు."

"మండలి తీర్మానం లేకుండా అలా ఎలా..." అని జంబులయ్య నసిగాడు. ఇంకో పిడుగు, ఈసారి దగ్గర్లో. "తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదించడమైంది!" అన్నాడు.

"అయితే ఆగండి. చెక్క ఊగి మీ దగ్గరికి రానివ్వండి. ఇప్పుడు వెయ్యండి అడుగు!"

ముగ్గురూ ఉత్తరాభాద్రకి చేరారు. బుల్లెమ్మ వెదురు మీదుగా పాకి రేవతిని విప్పుకుంది. అలా మూల దాకా బాగానే దిగారు. మూల దగ్గర జంబులయ్య, ముందు ఒక కాలు పెట్టి చూద్దాం, రెండో కాలి సంగతి తర్వాత ఆలోచిద్దాం అనుకున్నాడు. రెండు చెక్కలూ చెరో వైపు ఊగాయి. జంబులయ్య బురదలో పడ్డాడు. స్వాతి దగ్గర వీరబాబు మెడలో దండలు కాళ్లకి చుట్టుకుని వాడూ పడ్డాడు. మృగరాజు ఒక్కడే పుబ్బ దాకా వచ్చి ఆగిపోయాడు.

"తర్వాతది మఖ. నా జన్మనక్షత్రం. దాని మీద కాలు మోపడం అపచారం."

"అయితే తమరు అక్కడే ఉండండి ప్రభూ."

మృగరాజు కాసేపు ఉండి చూశాడు. పుబ్బ కిర్రుమంది. కళ్లు మూసుకుని, దణ్ణం పెట్టుకుంటూ మఖ మీదకి గెంతి, తిన్నగా బురదలోకి వెళ్లాడు.

అడవి అడవంతా చెట్ల కింద నుంచి లేచి ఈలలు వేసింది. "మొదటి భాగం కన్నా ఇదే బాగుంది!" అన్నాయి దుప్పులు. "ఇంకా రెండు ప్రాణాలున్నాయి ప్రభూ, మళ్లీ ఎక్కండి!" అని ఎవరో అరిచారు. ఎవరో తెలియకుండా ఉండటానికి వెంటనే చెట్టు వెనక్కి తప్పుకున్నారు.

అసలు వానలకి ఇంకా నాలుగు రోజుల గడువుంది. బుల్లెమ్మ ఏ సభా పెట్టలేదు. చుంచెలుకలు వంద కలిసి ఒక్కో చెక్కనీ వాగు దాకా లాగాయి. పగలంతా బుల్లెమ్మ తీగలు బిగించుకుంటూ కూర్చుంది. నాలుగో రోజు పొద్దున్నే అందరికన్నా చిన్న చుంచెలుక అశ్విని మీద నిలబడింది. ఆగింది. చెక్క ఊగి వచ్చింది. అడుగేసింది. మళ్లీ ఆగింది. ఎండెక్కే వేళకి రేవతి దాటి, ఆ గట్టు మట్టి మీద నాలుగు కాళ్లూ ఆనించింది. బుల్లెమ్మ చప్పట్లు కొట్టడం కూడా మర్చిపోయి చూస్తూ ఉండిపోయింది. సంతోషంతో దాని కళ్లు నిండిపోయాయి.

మధ్యాహ్నానికి జంబులయ్య రొప్పుకుంటూ వచ్చాడు. "మండలిని పిలవకుండా ఎలా మొదలుపెట్టారు? సభ లేదు, దండ లేదు!"

ఆ గట్టు నుంచి చుంచెలుక అమాయకంగా అడిగింది. "మీ సక్సెస్ మీట్ అయిపోయింది కదండీ. ఇక ఇక్కడ మీకేం పని?"

నీతి: విజయోత్సవం ఎప్పుడూ పని కాకముందే చేసుకోవాలి. పనయ్యాక మనల్ని ఎవరూ పిలవరు.