ఐదు రోజులూ రెండు గీతలే

ఆ సోమవారం పొద్దున లిఫ్టుల మెకానిక్ ఒకతను పనికి బయల్దేరబోతుంటే, భార్య బాత్‌రూమ్ తలుపు సందులోంచి చెయ్యి చాపి పరీక్ష పట్టీ చూపించింది. రెండు గీతలూ ముదురుగా ఉన్నాయి. ఒకటి రెండు రోజుల్లో అండం విడుదలవుతుందని దానర్థం. పెళ్లయి ఐదేళ్లయినా పిల్లల్లేరు. ఆమె నెలసరికి ఒక వేళాపాళా లేదు. అందుకే ఆ పట్టీ మీదే భారం వేశారు.

"ఇవాళ వెళ్లకండి," అంది.

అతను సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి, నోటికొచ్చినట్టు, అత్తగారికి జ్వరమని చెప్పేశాడు.

మంగళవారమూ రెండు గీతలే. బుధవారమూ అంతే. అత్తగారి జ్వరం కాస్తా ఆయాసమై, ఆసుపత్రి దాకా వెళ్లింది.

"రోజుకొకటి విడుదలవుతోందంటారా?" అంది భార్య గురువారం.

"ఐదేళ్లు అలిగి ఇప్పుడు మనసు మార్చుకుందేమో. మనమెందుకు కాదనాలి?"

శుక్రవారం సెలవడిగితే సూపర్‌వైజర్ గొంతు మెత్తబడింది. "ధైర్యంగా ఉండవయ్యా," అని పెట్టేశాడు.

అల్లుడు వారమంతా ఇంట్లోనే ఉంటున్నాడని కూతురు ఫోన్‌లో చెప్పేసరికి, ఉద్యోగం ఊడిందనుకుని అత్తగారు బస్సెక్కేసింది. ఆ మధ్యాహ్నం ఆమె సంచీతో గుమ్మం దగ్గరికి వచ్చేసరికి, ఎవరో పెద్దమనిషి పళ్లబుట్టతో నిలబడి ఉన్నాడు.

"ఎవరికండీ పళ్లు?"

"మా మెకానిక్ అత్తగారికమ్మా. ఆయాసంతో ఆసుపత్రిలో ఉన్నారట, ఏ ఆసుపత్రో అడుగుదామని వచ్చాను. ఆఖరి చూపులా ఉంది."

"నేనే ఆ అత్తగార్ని," అంది ఆమె. తలుపు తీసిన అల్లుడి మొహం పాలిపోవడం చూసింది. మరుక్షణం సంచీ వదిలేసి గోడకు చేరగిలబడింది. "ఊపిరాడక ఆసుపత్రి నుంచి పారిపోయొచ్చాను బాబూ."

సూపర్‌వైజర్ ఇంకేమీ వినలేదు. ముగ్గుర్నీ కంపెనీ వ్యానెక్కించి, పది నిమిషాల్లో ఆసుపత్రి మెట్ల ముందు దింపాడు.

లోపల డాక్టరమ్మ అత్తగారి గుండె, ఊపిరితిత్తులు, బీపీ అన్నీ చూసి, "మీకేమీ లేదే," అంది.

"నాకు లేదని నాకూ తెలుసు. ఐదేళ్లుగా పిల్లల్లేని మా అమ్మాయిని చూడండి," అని అత్తగారు కూతుర్ని కుర్చీలోకి తోసింది.

కూతురు చేతిసంచీలోంచి ఐదు పట్టీలూ తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ వాటిని చూసి, వేరే పరీక్ష చేయించి, వచ్చిన కాగితాన్ని రెండుసార్లు చదివింది.

"మీరు తల్లి కాబోతున్నారమ్మా."

భార్య మెల్లగా అడిగింది. "మరి రోజూ అండం విడుదలైనట్టు చూపించిందేంటండీ? కడుపుతో ఉన్నా అవుతూనే ఉంటుందా?"

"ఉండదు. గర్భం నిలిచాక ఒంట్లోని హార్మోన్లే దాన్ని ఆపేస్తాయి. గర్భంతో వచ్చే హార్మోనూ, అండం విడుదలకు ముందు పెరిగే హార్మోనూ చూడ్డానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. ఈ పట్టీ ఒకరిని చూసి ఇంకొకరనుకుంది."

మెకానిక్ తన భార్య చెయ్యి పట్టుకున్నాడు. అత్తగారు కొంగుతో కళ్లొత్తుకుంది. వాళ్లు బయటికొచ్చేసరికి వరండాలో సూపర్‌వైజర్ పళ్లబుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"మీ అత్తగారి సంగతేమన్నారు?"

"ఎనిమిది నెలల్లో అమ్మమ్మ అవుతారట సార్."

సూపర్‌వైజర్ ముగ్గురి వంకా మార్చి మార్చి చూసి, పళ్లబుట్ట కూతురి చేతికిచ్చి, ఆ జబ్బుకు కంపెనీలో సెలవు లేదన్నాడు.