దగ్గు సరిహద్దు

పిల్లల దగ్గును శాస్త్రీయంగా నిర్మూలిస్తామని మంత్రిగారు మా వీధి మొదట్లో మైకు పెట్టించి ప్రకటించారు. శాస్త్రీయంగా అన్నప్పుడు చెయ్యి పైకెత్తారు. నా చంకలోని బాబు దగ్గుతూనే ఉన్నాడు. వాడికీ నాకూ నిద్ర కరువై చాలా కాలమైంది. అందుకే అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

పరిశోధన చేసే డాక్టరమ్మ పద్ధతి వివరించింది. దగ్గే పిల్లలందరి పేర్లూ చీట్లు వేసి, సగం మందికి కొత్త సిరప్పు, సగం మందికి ఉత్త తీపి నీళ్లు ఇవ్వాలట. ఈ రెండోవాళ్లను కంట్రోల్ గ్రూప్ అంటారట.

"నా ఓటర్ల పిల్లలకి ఉత్త నీళ్లా?" మంత్రిగారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు.

"పోల్చడానికి ఎవరో ఒకరు ఉండాలి సార్."

"రోడ్డుకి ఆ పక్క ప్రతిపక్షం నియోజకవర్గమేగా. కంట్రోల్ గ్రూప్‌ని అక్కడ పెట్టుకోండి."

"చీట్లు వేయకపోతే లెక్క తప్పుతుంది సార్."

"జనం ఓట్లు వేశారు కదమ్మా. మళ్లీ చీట్లెందుకు?"

ఇంత దూరదృష్టిగల నాయకుడు మా పక్క ఉన్నందుకు పొంగిపోయాను. పార్టీ కార్యకర్త ఇంటింటికీ వచ్చి స్వయంగా పిల్లల నోట్లో సిరప్పు పోసేవాడు. ఆ పక్క తీపి నీళ్లకు కూడా బడ్జెట్ లేదన్నారు.

"నీకేం వదినా, ఇల్లు ఇటు పడింది," అని ఎదురింటావిడ మూతి తిప్పుకుంది.

నెల తిరిగేసరికి వాళ్ల పిల్లలు వీధిలో బంతాడుతున్నారు. మా పిల్లలు తాగి, దగ్గి, కక్కి, మళ్లీ తాగుతున్నారు.

"తేడా స్పష్టంగా ఉంది సార్. కానీ తిరగబడింది," అంది డాక్టరమ్మ.

"ఎక్కడ తిరగబడింది?"

"రోడ్డు దగ్గర సార్."

"అయితే తప్పు సరిహద్దుది."

వెంటనే సరిహద్దు సవరించి, ఇళ్ల గోడల మీద రంగుతో రాసిన నియోజకవర్గం నంబర్లు మార్చారు. ఎదురు వరస మంత్రిగారి నియోజకవర్గంలో కలిసింది. ఆ పిల్లలను నిలబెట్టి ఫొటో తీయించి, విజయం ప్రకటించారు. మేము ప్రతిపక్షంలోకి పోయాం, సిరప్పు ఆగింది. కార్యకర్తను బతిమాలాను.

"పసివాడన్నా. ఒక్క సీసా ఇప్పించు."

"రూల్సమ్మా. నువ్విప్పుడు కంట్రోలు."

ఆ వారంలోనే బాబు దగ్గు తగ్గింది. ఎదురు వరసలో సిరప్పు మొదలైంది, వెనకే దగ్గు మొదలైంది.

నిన్న కార్యకర్త రంగు డబ్బాతో మా గుమ్మంలో నిలబడ్డాడు. సరిహద్దు మళ్లీ మారుస్తున్నారట. దగ్గని పిల్లలున్న ఇళ్లన్నీ ఇకనుంచి మంత్రిగారివట.

"బాబుకి తగ్గిందటగా?"

బాబు లోపల హాయిగా నిద్రపోతున్నాడు. తలుపు దగ్గరగా వేశాను.

"ఎక్కడ తగ్గిందన్నా," అన్నాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు దగ్గాను. "నాకు కూడా అంటించాడు."