ఇంతవరకు పగలలేదు

ప్రపంచంలో కాంక్రీటు కన్నా గట్టివి రెండే ఉన్నాయి. ఒకటి వజ్రం, రెండోది ఆఫీసు రిజిస్టరు. (వజ్రాన్ని కనీసం కోయవచ్చు.)

ఈ సత్యం నిర్మాణ పరిశోధన సంస్థలో పనిచేసే పరిశోధకురాలికి సరిగ్గా ఇరవై ఏడో రోజున తెలిసింది. సిమెంటు కొంత తగ్గించి, బదులుగా బూడిద కలిపి ఆమె మూడు కాంక్రీటు దిమ్మలు పోసింది. నీళ్ళ తొట్టిలో వేసి, పొద్దున్నా సాయంత్రమూ కంటికి రెప్పలా చూసుకుంది. ఇరవై ఎనిమిదో రోజున వాటిని యంత్రంలో పెట్టి నొక్కి పగలగొట్టాలి. ఎంత బరువుకు పగిలితే అంత బలం. ఆ అంకె వస్తేనే కాలువ మీద పాత చెక్కవంతెనకు బదులు కొత్త వంతెనను ఆ మిశ్రమంతో కట్టాలో వద్దో తేలుతుంది. ఆ వంతెన మీదుగానే ఆమె కూతురు బడికి వెళ్ళాలి. అందుకే ఆ దిమ్మలు పగిలేదాకా ఆమె ప్రాణం కుదుటపడదు.

యంత్రం తాళంచెవి అడగబోతే స్టోరు గుమాస్తా రిజిస్టరు తిప్పి చూపించాడు.

"పగలగొట్టడం కుదరదు మేడం. మొన్న కొత్త రిజిస్టరు తెరిచాం కదా. నీళ్ళలో కరగని వస్తువులన్నీ శాశ్వత ఆస్తి కింద రాయమన్నారు. మీవి ఇన్ని రోజులు నానినా కరగలేదు. నేనే వచ్చి తొట్టిలో చెయ్యి పెట్టి చూశాను."

"పగలగొట్టడానికే పోశానయ్యా వాటిని."

"ఆ ముక్క పోసేముందే చెప్పాలి మేడం."

ఆస్తుల అధికారి మంచివాడు. ఆమెను కూర్చోబెట్టి, టీ తెప్పించి, పద్దెనిమిదో నిబంధన చదివి వినిపించాడు. శాశ్వత ఆస్తిని పగలగొట్టాలంటే అది పనికిరాదని ధ్రువపత్రం కావాలి. పనికిరాదని తేలాలంటే పరీక్ష చెయ్యాలి. పరీక్ష చెయ్యాలంటే పగలగొట్టాలి. (ఈ నిబంధనంత గట్టి దిమ్మను ఆ సంస్థలో ఇంకెవరూ పోయలేకపోయారు.)

ఆమె తల పట్టుకుంది. అధికారికి జాలేసి మర్నాడే త్రిసభ్య సంఘాన్ని వేశాడు. దిమ్మలకు ఎలాంటి హానీ కలగని పద్ధతిలో సంఘం బలపరీక్ష జరిపింది. మొదటాయన బొటనవేలితో నొక్కాడు. రెండో ఆయన చెవి ఆనించి విన్నాడు. మూడో ఆయన, కాస్త భారీ మనిషి, ఒక దిమ్మ మీద కూర్చుని టీ తాగాడు. ఆయన లేచేటప్పుడు కటుక్కుమంది గానీ, అది మోకాలని విచారణలో తేలింది. సంఘం 'ఇంతవరకు పగలలేదు' అని నివేదిక రాసి, మూడు సంతకాలు పెట్టి, వంతెనకు అనుమతి ఇచ్చేసింది.

"సార్, ఇంతవరకు పగలనిది రేపు పగలదని ఏముంది? మా పాప నడిచే దారి అది," అంది ఆమె.

"అదేనమ్మా నేననేది. సొంత కూతుర్నే పంపుతున్నారంటే, మా కన్నా మీకే నమ్మకం ఎక్కువ," అన్నాడు అధికారి. ఆ మాట కూడా నివేదికకు జతచేశారు.

వంతెన పూర్తయింది. రిజిస్టరులోకీ ఎక్కింది. (మూడు వానలు కురిసినా కరగలేదు.) తొలిరోజు పొద్దున తల్లీకూతుళ్ళు అక్కడికి వచ్చేసరికి కొత్త బోర్డు కనిపించింది: 'ఇది శాశ్వత ఆస్తి. ముందస్తు అనుమతి లేకుండా కూలరాదు.'

పాప కూడబలుక్కుని రెండుసార్లు చదివింది.

"అమ్మా, వంతెనకి చదవడం వచ్చా?"

ఆమె పాప చెయ్యి పట్టుకుని పాత చెక్కవంతెన వైపు తిరిగింది.

"ఆ పరీక్ష కూడా ఎవరూ పెట్టలేదు తల్లీ."