ఖాళీ గది చప్పుడు

ఆ రోజు నాన్న పెట్టుకున్న పని ఒక్కటే. ఇంట్లో చప్పుడు లేకుండా చూడటం. కూతురు తన మొదటి వయొలిన్ ఆల్బంలో ఆఖరి రాగాన్ని ఇంట్లోనే, ముందు గదిలో రికార్డు చేస్తోంది. సాయంత్రానికి సౌండ్ ఇంజినీరు మైకులు సర్దుకుని వెళ్ళిపోతాడు, మళ్ళీ నెలల తరబడి దొరకడు. అందుకని నాన్న పొద్దున్నే తలుపు బందులకి నూనె రాశాడు. ఫ్రిజ్ ఆపాడు. గోడ గడియారాన్ని దుప్పట్లో చుట్టి బీరువాలో పెట్టాడు. ఇక మిగిలింది దగ్గు. అది బామ్మది.

"నా దగ్గు మీకంత అడ్డమొచ్చిందిరా?"

"ఒక్క పూటే అమ్మా. తమ్ముడింట్లో టీవీ పెద్దది కూడాను."

ఆ మాటతో బామ్మ మెత్తబడింది. శాలువా తలమీదుగా కప్పుకుని, కొడుకులిద్దరూ చెరోవైపు పట్టుకుంటే చిన్నవాడి కారెక్కింది. పక్కింటి పిన్నిగారు కిటికీలోంచి ఇదంతా చూసింది. ఆవిడ పిల్లిని బామ్మ చీపురుతో అదిలించిన నాటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. చూపులు మాత్రం ఆగలేదు.

రికార్డింగ్ సాగలేదు. అమ్మాయి స్వరం తప్పడం లేదు, కానీ రాగం పలకడం లేదు. చిన్నప్పటినుంచీ ఎదురుగా ఎవరో ఒకరు వింటుంటేనే వాయించిన పిల్ల. తల్లి ఉన్నన్నాళ్ళూ ఆ ఎవరో ఒకరు తల్లే. ఇప్పుడు ఎదురుగా మైకు ఉంది. అది తల ఊపదు.

"నావల్ల కాదు నాన్నా. గోడకి చెప్పుకుంటున్నట్టుంది."

"నేను వింటున్నాగా?"

"నేను కమాను చేతిలోకి తీసుకోగానే ఆహా అంటారు. మీరు లెక్కలోకి రారు."

ఇంజినీరు హెడ్‌ఫోన్లు సర్దుకున్నాడు. "కాసేపు ఆపుదాం. ఈలోగా ఖాళీ గది చప్పుడు పట్టుకుంటాను. రేపు ఎక్కడైనా అతుకు వెయ్యాలంటే కావాలి. ఎవరూ కదలకండి, మాట్లాడకండి."

ఖాళీ గదికి కూడా ఒక చప్పుడుంటుందని నాన్నకి అప్పుడే తెలిసింది. ఏదైనా మనసుపెట్టి చేసే మనిషి కాబట్టి చేతులు కట్టుకుని తల వంచాడు. అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఇంజినీరు కళ్ళు మూసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే పిన్నిగారు కిటికీ దగ్గరికొచ్చి తొంగిచూసింది. ముగ్గురూ నిలబడి మౌనం పాటిస్తున్నారు. నాన్న ఆవిణ్ణి చూసి, పెదవులమీద వేలుంచి, మెల్లగా తల అడ్డంగా ఊపాడు.

బామ్మ పోయిందని కాసేపట్లో వీధంతా తెలిసిపోయింది. ఎవరో తమ్ముడి ఆఫీసుకి ఫోన్ చేశారు. అతను గుండెలు బాదుకుంటూ తనింటికి చేశాడు. ఫోనెత్తింది పోయినావిడే.

"ఎందుకురా ఏడుస్తున్నావు?"

"అమ్మా, నువ్వు పోయావట! అన్నయ్యింటికి అందరూ వస్తున్నారట!"

"అందరూనా? అయితే నేనూ రావాలి. కారు తీసుకురా."

ఇక్కడ, 'మొదలైంది' అని ఇంజినీరు సైగ చేసిన మరుక్షణం తలుపు సద్దు లేకుండా తెరుచుకుంది. పిన్నిగారు, వెనకే ఎదురింటి మాస్టారు, ఆ వెనక సగం వీధి. చెప్పులు ఒక చేత్తో, పూలు ఒక చేత్తో పట్టుకుని వచ్చి నేలమీద కూర్చున్నారు. పిల్ల అవస్థ తెలిసి వినడానికి వచ్చారనుకున్నాడు నాన్న. పిలవకుండా వచ్చారు, అడుగుల చప్పుడైనా లేకుండా వచ్చారు, పూలతో వచ్చారు. మాట్లాడే వీల్లేక ఒక్కొక్కరి చెయ్యీ అందుకుని నొక్కాడు. ఎంత గుండె నిబ్బరం, అనుకున్నారు వాళ్ళు.

అమ్మాయి తలెత్తింది. గదినిండా ముఖాలు, అన్నీ తనవైపే. కమాను తీగమీద ఆనించింది. పొద్దుటినుంచీ ఎంత బతిమాలినా గుమ్మం దాటని రాగం ఇప్పుడు తనంతట తనే లోపలికొచ్చి తీరిగ్గా కూర్చుంది. పిన్నిగారు చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నా లాభం లేకపోయింది.

ఆఖరి స్వరం ఆగాక ఇంజినీరు నవ్వుతూ తల ఊపాడు. మాస్టారు లేచి గొంతు సవరించుకున్నారు. "ఆ మహాతల్లి లేని లోటు..."

"ఏ తల్లండీ?" అన్నాడు నాన్న.

"నేనేరా," అంది బామ్మ గుమ్మంలోంచి.

మాస్టారు పూలు వెనక్కి దాచుకున్నారు. బామ్మ తిన్నగా పిన్నిగారి దగ్గరికి నడిచింది. "పోయాననుకుంటే గానీ మా గడప తొక్కవన్నమాట."

"బతికుండగా వస్తే చీపురు తీస్తారుగా పెద్దమ్మగారూ!"

ఇంజినీరు మధ్యలో కల్పించుకున్నాడు. "టేకు అద్భుతంగా వచ్చింది. ఒకచోట మాత్రం ఎవరో వెక్కారు. వయొలిన్‌తో కలిసిపోయింది, విడిగా తియ్యలేను. మళ్ళీ వాయించాల్సిందే."

అమ్మాయి ముఖం వాడిపోయింది. "ఒకసారి వినిపించండి."

అందరూ విన్నారు. రాగం నిండుగా సాగుతుండగా నడిమధ్యన ఒక వెక్కు, దాని వెనకే ముక్కు చీదడం. పిన్నిగారు తల దించుకుంది.

"నీదేనా?" అంది బామ్మ.

"నాదే."

"నాకోసమేనా?"

"మరింకెవరికోసం?"

బామ్మ శాలువా సర్దుకుంది. తర్వాత ఇంజినీరు వైపు తిరిగింది. "అది తీస్తే ఊరుకోను బాబూ."

అమ్మాయి నవ్వేసింది. "ఉండనివ్వండి. వినేవాళ్ళు ఎదురుగా ఉన్నారని తెలుస్తుంది."

ఆల్బం అలాగే బయటికొచ్చింది. వయొలిన్ కూడా బాగానే ఉందని బామ్మ ఒప్పుకుంది.