కెప్టెన్‌కి పూసిన పులుసు

మా కొడగులో వానలు పట్టుకున్నాయంటే ఇంటికి జలగలు తప్ప చుట్టాలెవరూ రారండీ. పక్కింటికీ మాకూ నడుమ కొండంత కాఫీతోట. పిల్లలు లేరు. నేనూ, మా ఆవిడ బొళ్ళమ్మా, పెంకుల మీద వాన చప్పుడూ, అంతే సంసారం.

కల్నల్ ఉన్నన్నాళ్ళూ బాగానే ఉండేది. కల్నల్ అంటే మా కుక్క. నేను పటాలంలో సుబేదారుగా రిటైరయ్యాను కాబట్టి, ఇంట్లో నాకంటే పెద్ద హోదా ఒకరికి ఉండాలని బొళ్ళమ్మే ఆ పేరు పెట్టింది. మా మాటలన్నీ దాని ద్వారానే నడిచేవి. "కల్నల్, సుబేదారు గారిని భోజనానికి రమ్మను." "కల్నల్, కూరలో ఉప్పెక్కువైందని చెప్పు."

పోయిన వానల్లో పిడుదులు కుట్టి, జ్వరమొచ్చి కల్నల్ పోయింది. ఇక ఉప్పెక్కువైనా చెప్పుకునే దిక్కు లేదు. ఆ ఇంట్లో మౌనం నావల్ల కాలేదు. ఓ కుక్కపిల్లను తెచ్చాను.

బొళ్ళమ్మ గుమ్మంలోనే ఆపింది.

"మళ్ళీ ఎందుకండీ ఈ ఏడుపు?"

"దీని పేరు కెప్టెన్."

"జనరలైనా సరే. ఒంటి మీద ఒక్క పిడుదు కనపడిందా, తెచ్చినచోటే దింపి రావాలి. ఇంకో కుక్కను పాతిపెట్టే ఓపిక నాకు లేదు."

అన్నంత పనీ చేసే మనిషి. రోజూ దాని చెవులు తిప్పి చూసేది. మా తోటలో గడ్డిపోచకో పిడుదు. వాగు పొంగి ఊళ్ళోకి దారి మూసుకుపోయింది, మందు తేవడానికీ లేదు. అప్పుడు మా తాత గుర్తొచ్చాడు.

ఆయన వేటకు బయల్దేరేముందు జలగలు పట్టకుండా కాళ్ళకు కాచంపుళి పూసుకునేవాడు. పందికూరలో పోస్తామే, ఆ నల్లటి పుల్లటి రసం. దానికి జలగలే జడిస్తే పిడుదులెంత? బొళ్ళమ్మ స్నానానికి వెళ్ళగానే కెప్టెన్‌కి ఒళ్ళంతా పట్టించాను. వానకు కారిపోకుండా పందికొవ్వు కలిపాను. ఎందుకైనా మంచిదని మిరియాలపొడీ చల్లాను.

తీరా చూస్తే, పొయ్యి మీద పెట్టడం ఒక్కటే తక్కువ.

ముందు కెప్టెన్ తనను తానే నాక్కోవడం మొదలెట్టింది. తర్వాత తోట అవతలి కూలీల ఇళ్ళ కుక్కలన్నీ పెళ్ళిభోజనానికి వచ్చినట్టు వసారా ఎక్కాయి. ఒక్కోదాని చెవుల్లో చింతగింజలంతేసి పిడుదులు. కెప్టెన్‌ని భుజానికెత్తుకున్నాను. అవి నన్నెక్కాయి. వెల్లకిలా పడ్డాను.

బొళ్ళమ్మ తడిజుట్టుతో, చేతిలో తెడ్డుతో వచ్చి ఒక్క కేక వేసింది. కుక్కలు పరార్. అలవాటు కొద్దీ నేనూ లేచి నిటారుగా నిలబడ్డాను.

"పండగ లేదు పబ్బం లేదు, ఈ పందికూర వాసనేమిటండీ?"

"అది... పిడుదుల మందు."

కుక్కపిల్లను వేణ్ణీళ్ళతో కడిగి, తుడిచి, వేలికీ వేలికీ మధ్య వెతికింది. ఒక్కటీ దొరకలేదు!

"చూశావా మా తాత మహిమ!"

"మీ తాత మొహం. వచ్చిన రోజే మెడ మీద పిడుదుల చుక్కల మందు వేశాను." గొంతు తగ్గించింది. "కల్నల్ కోసం తెప్పించింది. మందు చేరేసరికి అది లేదుగా."

ఏడాదిగా ఆ సీసాను దాచుకుందన్నమాట.

"అది సరే, మీ చెవి వెనకాల ఏమిటది?"

తడుముకున్నాను. పిడుదు.

"ఒక్కటి కనపడితే ఇంట్లో ఉండటానికి లేదన్నానా?" అంటూ కెప్టెన్‌ని చంకనెత్తుకుని లోపలికెళ్ళి గడియ పెట్టింది.

వసారాలో బల్ల మీద కూర్చున్నాను. తోడు కోసం నేను కుక్కను తెస్తే, తోడు ఆవిడకు దొరికింది. నాకు వాన మిగిలింది. నిజం చెప్పొద్దూ, ఏడుపొచ్చింది.

పొద్దువాలుతుండగా లోపల్నుంచి గొంతు వినపడింది.

"కెప్టెన్, సుబేదారు గారు కాఫీ తాగుతారేమో అడుగు."

ఏడాది తర్వాత విన్నాను ఆ మాట. "తాగుతానని చెప్పు కెప్టెన్," అన్నాను.

తలుపు తెరుచుకుంది. కాఫీ నా చేతికిచ్చి, పేలదువ్వెనతో నా వెనక కూర్చుంది. పాయ పాయా తీసి వెతికింది. నా తల మీద ఆ చెయ్యి పడి ఎన్నేళ్ళయిందో.

"ఇక లేవు," అంది.

"కెప్టెన్, ఇంకోసారి చూడమను."

"కెప్టెన్, కదలకుండా కూర్చోమను."